గడ్డ: ఒక మాట, పలు మూలాలు

గడ్డ అనేది తెలుగులో నేలకు, ముద్దకు, దుంపకు, ఒంటిమీద లేచే కురుపుకు, ఏటి ఒడ్డుకు వాడే మాట. కన్నడంలో గడ్డె, తమిళంలో కట్టి, మరాఠీలో గడ్డా దీనికి దగ్గరి రూపాలు. హిందీలోని గడ్ఢా, సంతాలీలోని గడ చెవికి ఇదే మాటలా వినిపిస్తాయి గాని అర్థంలో దాదాపు ఎదురుగా నిలుస్తాయి. తెలంగాణలో జోగులాంబ గద్వాల జిల్లాకు వాడుకలో ఉన్న నడిగడ్డ అనే పేరు ఈ మాటతో కట్టినదే. ఒకే ధ్వని ఎన్ని అర్థాలను మోయగలదో, ఆ అర్థాల్లో ఏవి ఒక ఇంటివో, ఏవి పొరుగింటివో చూడడానికి కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలకంటే అనువైన చోటు తెలుగుదేశంలో మరొకటి కనిపించదు.

నడిగడ్డ

ముందుగా ఒక పొరపాటు తీర్చుకోవాలి. ఈ పేరును నదిగడ్డ అని రాసేవాళ్లు, నదుల వల్లే ఆ పేరు వచ్చిందనుకునేవాళ్లు ఉన్నారు. ఇందులో నది లేదు. ఉన్నది నడి. నడుము, నడుమ, నడిరేయి, నడివీధి అన్న మాటల్లో ఉన్న నడి. తమిళంలో నడు, కన్నడంలో నడు. అచ్చమైన ద్రావిడ మాట. నది సంస్కృతం నుంచి వచ్చింది. కాబట్టి నడిగడ్డ అంటే నడుమ ఉన్న గడ్డ, అంతే. దేని నడుమ అన్నది పేరు చెప్పదు. చెప్పనక్కరలేదు కూడా: ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, తూర్పున ఆ రెండూ కలిసే చోటు ఆ ఊళ్లవాళ్లకు పుట్టుకతో తెలిసిన సంగతులు.

ఆ కలిసే చోట ఒకప్పుడు కూడవెల్లి ఉండేది. శ్రీశైలం జలాశయం కింద ఆ ఊరు మునిగిపోతుంటే అక్కడి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించి మళ్లీ నిలబెట్టారు. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ ఉన్న ఆ ఊరే నడిగడ్డకు తూర్పు కొస. పడమట గద్వాల కోట, అందులో చెన్నకేశవస్వామి గుడి, కవిపండితులను ఆదరించినందుకు విద్వద్గద్వాల అనిపించుకున్న సంస్థానం. కృష్ణకు ఉత్తరపు ఒడ్డున వనపర్తి, దానికి తూర్పున నల్లమల దాకా నాగర్‌కర్నూలు. ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడిపడి 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలయ్యాయి. వనపర్తి వైపువాళ్లు ఏరు దాటి వచ్చినవాళ్లను నడిగడ్డోళ్లు అంటారు. ఆ మాటలో కృష్ణ అవతలి ఒడ్డు అన్న ఎరుక ఉంది.

గద్వాల పేరులో కూడా ఇదే గడ్డ ఉందేమో అనిపించవచ్చు, ముఖ్యంగా రోమన్ లిపిలో చూసినప్పుడు. తెలుగులో రాయగానే ఆ అనుమానం తీరిపోతుంది. గద్వాలలోది ద, పళ్లకు నాలుక తగిలి పలికేది. గడ్డలోది డ, నాలుక మడిచి పలికేది. ఈ రెంటినీ కలిపే దారి తెలుగులో లేదు.

రెండు నదుల మధ్య ఉన్న నేలకు దేశంలో ఇంకా పేర్లున్నాయి. పారసీకంలో దో అంటే రెండు, ఆబ్ అంటే నీళ్లు, దోఆబ్. నిజాం కాలపు దస్తావేజుల్లో ఈ ప్రాంతం రాయచూరు దోఆబ్‌లో భాగం. అంతకు చాలా ముందు కన్నడ శాసనాల్లో ఎడెదొరె నాడు అన్నారు. ఎడె అంటే నడుమ, తొరె అంటే ఏరు. రాజేంద్ర చోళుడి ప్రశస్తిలో అదే ఇడైతుఱై నాడు అయింది. గంగా యమునల నడిమి నేలకు సంస్కృతంలో అంతర్వేది అనే పేరుండేది; అదే పేరు కోనసీమలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక ఊరికీ ఉంది. ఈ పేర్లను పక్కపక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దోఆబ్ నీళ్లను లెక్కపెట్టింది. ఎడెదొరె ఏళ్లను చెప్పింది. నడిగడ్డ మాత్రం నీళ్ల ఊసే ఎత్తకుండా నేలను చెప్పింది.

అది ఊరికే జరిగిందని నేననుకోను. తెలుగులో గడ్డ ఎప్పుడూ నీటికంటే ఎత్తున ఉండేదే. రెండు పెద్ద నదులు రెండు పక్కలా పారుతున్నా వాటి నీళ్లు ఈ నేల మీదికి వాటంతట ఎక్కవు. తుంగభద్ర నీళ్లు రావాలంటే ఎగువన కర్ణాటకలో రాజోలిబండ దగ్గర ఆనకట్ట కట్టి కాలువ తవ్వాల్సివచ్చింది. ఆ పథకం కింద ఇక్కడ సాగు కావలసిన భూమి 87,500 ఎకరాలు. కృష్ణ నీళ్లు రావాలంటే జూరాల వెనుక జలాల నుంచి నెట్టెంపాడు పథకం కింద మోటర్లు పెట్టి ఎత్తిపోయాల్సివచ్చింది. నదుల నడుమ పుట్టి బతుకుదెరువుకు వలసపోయిన వేల కుటుంబాల కథ ఈ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది: వాళ్లది నీటి నడుమ ఉన్న నేల, నీరున్న నేల కాదు.

గట్టిపడ్డదే గడ్డ

నడిగడ్డలో గడ్డ అంటే నేల. అదే గద్వాల సంతలోకి పోతే గడ్డ అంటే తినేది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి ఉల్లిపాయలు, వెల్లుల్లి, బంగాళదుంపలు అడుగుతాడు. కూరగాయలమ్మే ఆమెకు అర్థమవుతుంది గాని తూకం వేసి ఇస్తూ ఆమె అనేది మాత్రం ఉల్లిగడ్డ అనే. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. శివరాత్రికి ఉడకబెట్టుకు తినే తియ్యటి దుంపను తెలంగాణలో చాలాచోట్ల కందగడ్డ అంటారు. కోస్తాలో అది చిలగడదుంప. అక్కడ కందగడ్డ అంటే పులుసుకు, వేపుడుకు వాడే పెద్ద కంద. రాయలసీమలో ఆ తియ్యదుంపే గెణుసుగడ్డ, కన్నడ గెణసుకు తోబుట్టువు. ఒకే భాష మాట్లాడే ఇద్దరు ఒకే పేరుతో రెండు వేరు దుంపలను తలచుకుంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం ఇటువంటి తేడాలకు విలువ ఉందని మొదటిసారి పద్ధతిగా చూపింది. రైతు నోటి మాటను ఊరు పేరుతో సహా రాసుకోవాలన్న ఆలోచన అప్పటికి కొత్త. ఆ పని ఇప్పటికీ ముగియలేదు.

నాగర్‌కర్నూలు వైపు నల్లమలలోకి పోతే గడ్డకు ఇంకా పాత బరువు ఉంది. అమ్రాబాదు పీఠభూమి మీది చెంచుల మాతృభాష తెలుగే. అడవిలో పుట్టే తీగదుంపలు తరతరాలుగా వాళ్ల ముఖ్యాహారం. గట్టి కర్రతో నేల తవ్వి తీసేవాళ్లు. 1943లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన గ్రంథంలో ఆ తవ్వకపు కర్ర వాళ్ల జీవనానికి కేంద్రంగా కనిపిస్తుంది. వాళ్లకు గడ్డలు కూరలో ఒక రకం కాదు, అన్నం. షర్బత్తుకు వాడే నన్నారిని కూడా అడవి అంచు ఊళ్లలో గడ్డలనే లెక్కిస్తారు.

దుంపను, మట్టిపెళ్లను, ఒంటిమీది వాపును ఒకే మాటతో పిలవడం తెలుగువాడికి వింతగా తోచదు. ఒక చిన్న సంగతి చూస్తే చాలు. రాత్రి పాలలో చారెడు మజ్జిగ వేసి తోడుపెడతారు. పొద్దున మూకుడు తీసి గిన్నెను కొంచెం వంచితే అంచు దగ్గర పల్చటి నీరు ఊరి, నడుమ తెల్లటి పెరుగు కదలకుండా నిలబడి ఉంటుంది. గరిటె దిగితే గుంట పడుతుంది, పూడదు. దాన్ని గడ్డపెరుగు అంటాం. పారేది పారకుండా నిలిస్తే, మెత్తనిది గట్టిపడితే గడ్డ. నెత్తురు గడ్డకడుతుంది. నెయ్యి గడ్డకడుతుంది. నీళ్లు గడ్డకడితే మంచుగడ్డ. చర్మం కింద చీము చేరి గట్టిగా లేస్తే సెగగడ్డ. దున్నినప్పుడు చాలులో లేచేది మట్టిగడ్డ, దాన్ని పెకలించే ఇనుప కడ్డీ గడ్డపార. కోస్తావాళ్ల గునపం అదే. ఏరు పారుతుంటే పారకుండా నిలిచిన అంచు కూడా గడ్డే. అందుకే పుట్టిలో ఏరు దాటి దిగినవాళ్లు గడ్డకు పడ్డం అంటారు, అప్పులో కూరుకుపోయి బయటపడ్డవాళ్లూ అదే మాట అంటారు. గట్టెక్కడం, ఒడ్డున పడడం దీనికి అన్నదమ్ములు.

గట్టి, గట్టు, గడ్డ అన్న మూడు మాటల్లోనూ ఆ గట్టిదనమే వినిపిస్తుంది. తమిళంలో కట్టి అంటే ముద్ద, మట్టిపెళ్ల, కురుపు కూడా. కెట్టి అంటే గట్టి. తెలుగు, కన్నడాల్లో మాట మొదట గ వచ్చే చోట తమిళం క రాయడం కొత్తేమీ కాదు. అంటే ముద్ద, దుంప, కురుపు, ఒడ్డు, నేల అన్న అర్థాలను వేర్వేరు మాటలుగా విడగొట్టనక్కరలేదు. అయిదుగురూ ఒక ఇంటివాళ్లే.

గడ్డం సంగతి అంత తేలిక కాదు. కన్నడంలో గడ్డ అంటే చుబుకం, దాని మీది వెంట్రుకలు; తెలుగు గడ్డం కూడా అంతే. చుబుకం ముఖంలో గట్టిగా ముందుకొచ్చిన భాగం గనుక ఈ ఇంట్లోనే చేర్చాలని అనిపిస్తుంది. సంస్కృతంలో గండ అనే మాటకు చెక్కిలి, కురుపు అనే రెండర్థాలూ ఉండడం ఆ ఆశను పెంచుతుంది. పోలిక బాగున్నంత మాత్రాన చుట్టరికం కుదరదు. గడ్డాన్ని గుమ్మం దగ్గరే కూచోబెట్టడం మంచిది. ఇక గడ్డి, గడ్డుకాలంలోని గడ్డు వేరే దారివి.

గడ్డకు గౌరవం తెచ్చిన అర్థం మరొకటి ఉంది: పుట్టిన గడ్డ, పోరుగడ్డ, తెలుగుగడ్డ. మట్టిపెళ్ల దేశమైంది. సురవరం ప్రతాపరెడ్డి 1896లో పుట్టిన బోరవెల్లి, ఆయన స్వగ్రామం ఇటిక్యాలపాడు రెండూ నడిగడ్డ ఊళ్లే. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా ఆయన 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించారు. 1952 ఎన్నికల్లో ఏరు దాటి వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన ఆ మనిషి జనం తిండిని, ఆటలను, తిట్లను, వాడుక మాటలను చరిత్రకు సాక్ష్యాలుగా తీసుకున్నారు. గడ్డ వంటి మాట వెంట పడి నడిచేవాళ్లకు ఆయన దారి వేసి ఉంచారు.

సరిహద్దుకు ఇటూ అటూ

1956 దాకా గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో తెలుగువాళ్లు ఎక్కువని వాటిని మహబూబ్‌నగర్‌కు చేర్చారు. మిగిలిన రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి పోయింది. దోఆబ్ నడుమ గీత పడింది. మాటలు ఆ గీతను పట్టించుకోలేదు. రాయచూరు సంతలో ఉల్లిపాయ ఉళ్ళాగడ్డి. గద్వాల సంతలో ఉల్లిగడ్డ. బెంగుళూరు వైపు కన్నడిగులు ఈరుళ్ళి అంటారు గనుక, ఈ విషయంలో రాయచూరు కన్నడానికి బెంగుళూరుకంటే గద్వాలే దగ్గర.

అసలు విశేషం నడిగడ్డలోనే ఉంది. కన్నడంలో నడుగడ్డె అనే మాట ఉంది. అక్షరం అక్షరం మన నడిగడ్డే. దాని అర్థం మాత్రం దోఆబ్ కాదు, ద్వీపం. చుట్టూ నీళ్లున్న నేల. బడిపుస్తకాల్లో సింహళాన్ని వర్ణించినా, కావేరి మధ్యలోని తిప్పను చెప్పినా వాళ్లు నడుగడ్డె అనే అంటారు. తెలుగువాడు రెండు నదుల నడుమ నేల అన్నాడు, కన్నడిగుడు నీళ్ల నడుమ నేల అన్నాడు. మాట కట్టిన తీరు ఒకటే, కళ్లముందు పెట్టుకున్న దృశ్యం వేరు. దత్తభక్తులు వెళ్లే కురువపురం కృష్ణలో రాయచూరు వైపు ఉన్న ద్వీపం. కన్నడిగుల వాడుకలో అది కురుగడ్డి. మక్తల్ వైపు నుంచి పోయే మన యాత్రికులు పుట్టిలోనో పడవలోనో ఆ గడ్డకు చేరతారు.

ఏటి నడిమి ద్వీపానికి గోదావరి, కృష్ణా దిగువ జిల్లాల్లో గడ్డ అనరు. కోనసీమలో అది లంక. కృష్ణ చివర దివి. ఎగువన రాళ్ల మధ్య పారే కృష్ణలో గడ్డ, దిగువన ఒండ్రు మీద పారే కృష్ణలో లంక: నది స్వభావం మారిన చోటే మాట కూడా మారింది.

ధ్వని ఒకటి, మూలం వేరు

ఉత్తరాంధ్రకు పోతే ఈ మాట తలకిందులవుతుంది. విశాఖ, విజయనగరం జిల్లాల్లో గెడ్డ అంటే కొండ మీంచి దిగే వాగు. పెద్దగెడ్డ, మేఘాద్రిగెడ్డ జలాశయాల పేర్లు అందరికీ తెలిసినవే. నడిగడ్డలో నీళ్లు కాని దాన్ని గడ్డ అంటే, అక్కడ నీళ్లనే గెడ్డ అంటున్నారు. ఒడ్డు పేరు ఏటికి ఎక్కిందని సరిపెట్టుకోవచ్చు. నాకు ఆ వివరణ చాలదనిపిస్తుంది. ముండా కుటుంబంలోని సంతాలీ, ముండారీ భాషల్లో గడ అంటే ఏరు. ఆ కుటుంబానికే చెందిన సవర భాష శ్రీకాకుళం కొండల్లో ఇవాళ్టికీ బతికి ఉంది. కొండవాగు పేరు కొండవాళ్ల నోటి నుంచి రావడమే సహజం.

హిందీ గడ్ఢా మరో దారిన వచ్చింది. ప్రాకృతంలో గడ్డ అంటే గొయ్యి. దాన్ని సంస్కృత గర్తంతో ముడిపెడతారు. హైదరాబాదు దక్కనీ ఉర్దూ వినే పాలమూరు (మహబూబ్‌నగర్) ఊళ్లలో ఈ మాట కూడా తిరుగుతూనే ఉంటుంది. లారీ నడిపే ముస్లిం డ్రైవరు ముందు గడ్ఢా ఉందంటే, పక్కన కూచున్న తెలుగు క్లీనరు బండి గుంతలో దిగుతుందని సర్దుకు కూచుంటాడు. మరుక్షణం అదే క్లీనరు మట్టిగడ్డ తెచ్చి చక్రం కింద పెడతాడు. లేచింది ఒక గడ్డ, దిగింది మరొకటి. రెండు భాషలు వచ్చినవాడికి ఇందులో తికమకే లేదు.

మరాఠీ గడ్డా మాత్రం మన వైపుదే. వెల్లుల్లి గడ్డను, క్యాబేజీ గడ్డను వాళ్లు గడ్డా అంటారు. అదే మరాఠీలో గడ్ అంటే కోట, గఢీ అంటే చిన్నకోట. తెలంగాణ దొరల గడీ ఆ రెండో మాట నుంచే వచ్చింది. దుంప ఇటునుంచి అటు పోయింది, కోట అటునుంచి ఇటు వచ్చింది.

వాపు, దీవి

కురుపునూ ఏటి నడిమి నేలనూ ఒకే మాటతో పిలవడం తెలుగువాళ్ల ప్రత్యేకత అనుకుంటే, స్లావు భాషలు మరో సాక్ష్యం చూపిస్తాయి. క్రొయేషియన్, స్లొవీన్ భాషల్లో ఒతోక్ అంటే దీవి. పక్కనే ఉన్న సెర్బియన్‌లో దీవిని ఒస్త్‌ర్వొ అంటారు; అక్కడ ఒతోక్ అంటే ఒంటిమీది వాపు. మాటలోని తోక్ అంటే ప్రవాహం. చుట్టూ నీళ్లు పారేది దీవి. నీరు చేరి ఉబ్బినది వాపు. సెర్బియన్, క్రొయేషియన్ మాట్లాడేవాళ్లు ఒకరి మాట ఒకరికి తెలిసేటంత దగ్గరివాళ్లు. అయినా ఈ ఒక్క మాట దగ్గర ఒకరు వైద్యుడి వైపు, మరొకరు సముద్రం వైపు చూస్తారు. నడిగడ్డ దగ్గర తెలుగు, కన్నడం విడిపోయినట్టే. రష్యన్ ఒస్త్రోవ్ కూడా ప్రవాహం అనే పాత మూలం నుంచి వచ్చిందే. పోలిష్‌లో దీవికి ఇప్పుడు విస్పా అనే మాట, కుప్పగా పోసినది అనే భావంతో ఉంది. పాత మాట ఒస్త్రుఫ్ మాత్రం ఊళ్ల పేర్లలో దాక్కుంది. వ్రొత్స్వాఫ్, పొజ్నాన్ నగరాల్లో పెద్ద చర్చీలున్న ఏటి దీవులకు ఒస్త్రుఫ్ తుమ్‌స్కి అనే పేరు.

తుర్కీ భాషలు నడిమిని ఎంచుకున్నాయి. కజక్‌లో అరల్ అంటే దీవి. అరల్ సముద్రం పేరుకు దీవుల సముద్రం అని అర్థం. ఈ అరల్ నడుమ అనే అర్థమున్న అర నుంచి పుట్టిందని ఒక వివరణ. అది సరైనదైతే కజక్ మాట, కన్నడ నడుగడ్డె ఒకదాన్నొకటి చూడకుండా ఒకే దారిలో నడిచాయన్నమాట. ఇస్తాంబుల్ తుర్కీలో దీవికి అద అనే వేరే మాట ఉంది. అరబ్బులు ఇంకో మెట్టు ఎక్కారు. జజీరా అంటే దీవి. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడిమి ఎగువ మైదానాన్ని వాళ్ల భూగోళవేత్తలు అల్ జజీరా అన్నారు. దోఆబ్‌ను దీవి అన్నారు. తెలుగు అర్థమూ కన్నడ అర్థమూ అక్కడ ఒక మాటలో కలిసిపోయాయి.

గద్వాల దగ్గరే ఆ రెండర్థాలూ కలిసే చోటు ఉంది. జూరాలకు దిగువన, బీచుపల్లికి ఎగువన, కృష్ణ రెండుగా చీలి మళ్లీ కలిసే మధ్యలో గుర్రంగడ్డ అనే ఊరుంది. ఇళ్లు, పొలాలు, బడి అన్నీ నీళ్ల నడుమే. జూరాల గేట్లు ఎత్తితే రెండు పాయలూ పొంగి ఊరు ఒంటరిదవుతుంది. జబ్బు చేసినా, ధాన్యం అమ్మాలన్నా నీళ్లు తగ్గేదాకా ఆగాలి, లేదా పడవవాడిని బతిమాలాలి. పరిపాలన లెక్కల్లో అది గద్వాల మండలంలో ఉంది, అంటే నడిగడ్డ ఊరు. ఒక రాయచూరు కన్నడిగుడిని ఆ ఒడ్డున నిలబెట్టి ఎదురుగా కనిపించేది ఏమిటని అడిగితే, అతనూ నడుగడ్డె అనే అంటాడు.